గోపురానికి నడుమ మనిషి

వాట్‌గంజ్, కోల్‌కతా
22 సెప్టెంబరు 2025

గవరయ్య మావయ్యకి,

మమ్మల్ని తీసుకున్నారు! ఈ ముక్క ముందు రాసేస్తే గాని చెయ్యి కుదురుగా ఉండేలా లేదు. డిసెంబరు 21, ఆదివారం సాయంత్రం ఐదింటికి, జానపద ఉత్సవంలో మా తప్పెటగుళ్ళు. పన్నెండు నిమిషాలు. నూట నలభై జట్లు దరఖాస్తు పెడితే పద్దెనిమిది మిగిలాయి. అందులో ఆడపిల్లల జట్టు మాదొక్కటే. ఎందుకు తీసుకున్నారో కాగితంలో రాశారు: "పాడుతూ, ఛాతీకి కట్టుకున్న తప్పెటలు వాయిస్తూ మూడంతస్తుల గోపురం కట్టడం." అంటే నువ్వు ఉత్తరాల్లో పంపిన పాటలూ, బొమ్మలు గీసి చూపించిన గోపురమూ!

రెండో సంగతి. నిన్న ఆ గోపురమే కూలింది. క్వార్టర్ల వెనక సిమెంటు గచ్చు మీద ప్రాక్టీసు చేస్తుంటే పైన కాలు జారింది, అందరం ఒకరి మీద ఒకరం పడ్డాం. మిగతావాళ్ళకి గీతలే. నాకు ఎడమవైపు కాలర్ ఎముక విరిగింది. ఎమర్జెన్సీలో ట్రాలీ మీద పడుకోబెట్టి అక్కడే ఎక్స్‌రే తీశారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు చూసి, ముక్కలు పెద్దగా కదల్లేదు, చెయ్యి మెడకి వేలాడదీసే పట్టీ ఆరు వారాలు వేసుకుంటే అదే అతుక్కుంటుందన్నాడు. లెక్క చూసుకున్నాను. నవంబరు మూడుకి పట్టీ తీసేస్తారు. అక్కడి నుంచి ప్రాక్టీసుకి ఏడు వారాలు. చాలు కదా!

ఫిల్ము దీంతో పంపుతున్నాను. ముప్పై ఒక్కేళ్ళు ఎక్స్‌రే గదిలో పనిచేసినవాడివి, ఒకసారి చూసి సరే అను. నీ చెవులు బాగుంటే ఫోనులోనే అరిచేదాన్ని. అమ్మకి మాత్రం ఆఫీసు మెట్ల మీద జారానని చెప్పాను. గోపురం అని తెలిస్తే తప్పెటలన్నీ తన చెత్తబండిలో వేసుకుపోతుంది. నువ్వూ నోరు జారకు.

ఎడమ చెయ్యి కట్టులో, కుడి చెయ్యి కాగితం మీద,
నీ మేనకోడలు
పుష్పరాణి

గజపతినగరం
27 సెప్టెంబరు 2025

అమ్మా పుష్పా,

నీ కవరు నిన్న మధ్యాహ్నం అందింది. ఉత్సవం సంగతి చదివి మీ అత్తకి రెండుసార్లు చెప్పాను. నేను అరుస్తున్నానని ఆవిడ తలుపు వేసింది. మా జట్టు ముప్పై ఏళ్ళు ఆడి జిల్లా దాటలేదు. మీరు ఏడాదిన్నరకే దాటారు.

ఇక ఫిల్ము. ముందు తెలిసినది రాస్తాను, తర్వాత నా అనుమానం. విరిగింది ఎముక నడుమ కాదు, భుజం వైపు చివర. అక్కడ కాలర్ ఎముకని కిందకి పట్టి ఉంచే లిగమెంట్లు రెండు ఉంటాయి. అవి ఎక్స్‌రేలో కనబడవు. ఎముకలు ఎంత దూరంగా జరిగాయన్నదాన్ని బట్టి అవి ఉన్నాయో తెగాయో పోల్చుకోవాలి. నిన్ను పడుకోబెట్టి తీశారు. పడుకున్నప్పుడు చేతి బరువు కిందకి లాగదు, విరిగిన ముక్క బుద్ధిగా దాని చోటునే కూర్చుంటుంది. అలాంటి ఫిల్ములు నేనే ఎన్నో తీశాను. అదే మనిషిని లేపి నిలబెడితే ముక్క చర్మాన్ని పొడుచుకువచ్చేంత పైకి లేవడం కూడా చూశాను.

అందుకని, నిలబడి, చేతులు కిందకి వదిలి, రెండు భుజాలూ ఒకే ఫిల్ములో వచ్చేలా తీయించు. కాలర్ ఎముకకీ దాని కింది ఎముకకీ నడుమ దూరం కుడివైపు ఎంత, ఎడమవైపు ఎంత, కొలిపించు. లిగమెంట్లు తెగితే పట్టీతో అతుకుతుందన్న నమ్మకం తక్కువ. ఆపరేషన్ చెయ్యాలంటే మొదటి మూడు వారాలు మంచి సమయం. అంటే అక్టోబరు 12. మీకు పూజ సెలవులు. రోజులు లెక్కపెట్టుకో.

ఇంకొకటి. ఆపరేషన్ అంటే కొందరు కొక్కెం ప్లేటు అంటారు. దాని కొస భుజం కప్పు ఎముక కిందకి దూరి పట్టుకుంటుంది. అది ఉన్నన్నాళ్ళూ చెయ్యి భుజం కన్నా పైకి లేపనివ్వరు. గోపురం మీద నిలబడేదానివి, రెండు చేతులూ ఎత్తి గుడ్డ ఊపాల్సినదానివి, నీకది పనికిరాదు.

అన్నట్టు, నిన్ను మోస్తూ కింద నడుమ నిలబడ్డ పిల్ల ఎవత్తి? మూడో అంతస్తు నుంచి మనిషిని పడేసింది. దానికి కాళ్ళలో సత్తువ లేదు. ముందు దాన్ని మార్చు.

మీ అమ్మ అప్పమ్మకి నేను చెప్పను. కానీ ఆ అబద్ధం ఎక్కువ రోజులు నిలవదు.

అద్దాలు పెట్టుకుని, కిటికీ వెలుగులో నీ ఫిల్ము పట్టుకుని,
గవరయ్య మావయ్య

వాట్‌గంజ్
5 అక్టోబరు 2025, ఆదివారం

మావయ్యా,

నీ ఉత్తరం మూడో తారీకున అందింది. పూజ జనంలో పోస్టుమాన్ కూడా దారి తప్పినట్టున్నాడు. నిన్న శనివారం ఔట్‌పేషెంటు తెరిచీ తెరవగానే వెళ్ళి కూర్చున్నాను. షాలిమార్ రైల్వే యార్డులో పనిచేసే మన మల్లేశు ఇవాళ రాత్రి బండికి ఊరొస్తున్నాడు. ఈ కవరు వాడి చేతికిస్తున్నాను. జవాబు కూడా వాడితోనే పంపు. ఆలస్యం వద్దు.

నువ్వన్నదే! నిలబెట్టి తీశారు. కుడివైపు తొమ్మిది మిల్లీమీటర్లు, ఎడమవైపు ఇరవై. ఆర్థో డాక్టరు అభిజిత్ గారు ఫిల్ము లైటు మీద పెట్టి "ఎ బాబా!" అని ఆశ్చర్యపోయారు. నిలబెట్టి తీయమని ఎవరు చెప్పారని అడిగారు. మా మామా, రిటైరైన ఎక్స్‌రే టెక్నీషియన్ అన్నాను. ఆయనకి నా నమస్కారం రాయి అన్నారు. రాశాను.

లిగమెంట్లు తెగాయి. దారులు మూడు చెప్పారు. ఒకటి, పట్టీతోనే ఉండిపోవడం. పదిమందిలో ముగ్గురికి ఎముక అతకదు. నీడపట్టున కూర్చునేవాళ్ళకి అయితే అతకకపోయినా పెద్ద నొప్పి ఉండకపోవచ్చట. రెండు, నువ్వు రాసిన కొక్కెం ప్లేటు. గట్టిగా పట్టుకుంటుంది. నాలుగో నెలలో ఇంకో ఆపరేషన్ చేసి తీసెయ్యాలి. మూడు, చిన్న ప్లేటు, దాంతో పాటు గుండీలూ దారమూ. దారం తెగిన లిగమెంట్ల పని చేస్తుంది, కాలర్ ఎముకని కింది ఎముకకి కట్టి ఉంచుతుంది. తీయనక్కర్లేదు.

"కీ కరో తుమి?" అని, నేనేం చేస్తుంటానో అడిగారు. కార్పొరేషన్ బరో ఆఫీసులో కంప్యూటర్ పని, నాచ్ కూడా అన్నాను. నాచ్ అయితే మూడోదే మేలు, మూడు నెలలకి మెల్లగా ఆడొచ్చు అన్నారు. మూడు నెలలు! కొంచెం అటూ ఇటూగా ఉత్సవానికి అందుతుంది. నాకు అక్కడే గెంతాలనిపించింది.

ఇప్పుడు నువ్వు తిట్టకుండా చదవాలి. నేను పైన నిలబడను మావయ్యా. పైన నిలబడేది ధాత్రి, పక్క బ్లాకు పిల్ల, నలభై మూడు కిలోలు. కింద ముగ్గురు, వాళ్ళ మీద ఇద్దరు, ఆ ఇద్దరి మీద అది. కింద నడుమ నిలబడేది నేను. కాళ్ళలో సత్తువ లేనిదాన్ని నేనే!

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాక ఒక సంగతి తట్టింది. కొక్కెం వద్దన్నావు, చెయ్యి పైకి లేవదు కాబట్టి. కింద మనిషికి చెయ్యి లేపే పనేముంది? పైవాళ్ళ మడమలు పట్టుకోవడమే కదా. పైగా కొక్కెం గట్టిది, ఇనుప దూలంలా ఉంటుంది. మరి నాకు కొక్కెమే సరి! ఆపరేషన్ శుక్రవారం, పదో తారీకు. గురువారం చేరినప్పుడు కొక్కెమే వెయ్యమని చెబుతాను. బరువు సంగతి డాక్టరుకి చెప్పలేదు, చెబితే ఆడొద్దంటారు. ఆలోచన ఎలా ఉంది?

కింద అంతస్తు నుంచి,
పుష్పరాణి

గజపతినగరం
6 అక్టోబరు 2025, సాయంత్రం

పుష్పా,

కొక్కెం వద్దు. ముందు ఇది చదివి, ఊపిరి పీల్చుకుని, మిగతాది చదువు.

మల్లేశు పొద్దున కవరిచ్చాడు. నువ్వు కింద ఉంటావని చదివాక నేను రాసిన సలహా సగం చెల్లదని తెలిసింది. తప్పు నాది. మా జట్టులో పాట చెప్పే గురువే పైకెక్కేవాడు. జట్టు నడిపేది నువ్వు కాబట్టి పైన ఉండేది నువ్వేననుకున్నాను. అడగలేదు. అడక్కుండా ఫిల్ము చదవడం ఎంత తప్పో ముప్పై ఒక్కేళ్ళు కుర్రాళ్ళకి చెప్పినవాణ్ణి.

ఇప్పుడు లెక్క. రెండో అంతస్తు పిల్లలు యాభై కిలోల చొప్పున అనుకో, ఒక్కొక్కరు నీ మీద ఒక కాలు, పక్కదాని మీద ఒక కాలు. వాళ్ళ మీద ధాత్రి. నడుమ మనిషి మీద డెబ్బై కిలోలు దాటుతుంది. ఒక్కో భుజానికి ముప్పై ఐదు. ఆ కొక్కెం దూలం కాదమ్మా. దాని కొస భుజం కప్పు ఎముక కింద ఆనుకుని ఉంటుంది. పైనుంచి మనిషి కాలు నొక్కితే ఇనుము కింద నుంచి ఎముకని ఒరుస్తుంది. మూటలు మోసే ఒకతనికి నాలుగో నెలలో తీయకుండా తిరిగితే ఎముకలో గుంట పడింది. ఆ ఫిల్ము తీసింది నేను.

గుండీ దారమైనా మూడు నెలలకి డెబ్బై కిలోలు ఆపదు. ఏదీ ఆపదు. డాక్టరు మూడు నెలలన్నది నువ్వు చెప్పిన నాచ్‌కి. నువ్వు చెప్పని గోపురానికి కాదు. ఆయన కూడా నాలాగే తప్పు మనిషికి వైద్యం రాస్తున్నాడు. వెళ్ళి నిజం చెప్పు. కిలోలతో సహా చెప్పు. డిసెంబరు పోతే పోనీ, ఇరవై ఆరేళ్ళ భుజం పోకూడదు.

మల్లేశు రేపు రాత్రి బండికే తిరిగొస్తున్నాడు. బుధవారం పొద్దునకి ఇది నీ చేతిలో ఉండాలి. స్టేషనుకి నేనే వెళ్ళి ఎక్కిస్తాను.

నిన్ను తిట్టినందుకు సిగ్గుపడుతూ,
మావయ్య

వాట్‌గంజ్
14 అక్టోబరు 2025

మావయ్యా,

అయిపోయింది! చిన్న ప్లేటు, ఆరు మేకులు, రెండు గుండీలు, దారం. రెండు గంటల పది నిమిషాలు. వేళ్ళన్నీ కదులుతున్నాయి. నిన్ననే ఇంటికొచ్చాను.

అంతకు ముందు జరిగింది విను. గురువారం పొద్దున నువ్వు చెప్పినట్టే డాక్టరు దగ్గరికి వెళ్ళి, "అభిజిత్‌దా, నేను చెప్పిన నాచ్‌లో నా భుజాల మీద మనుషులు నిలబడతారు" అన్నాను.

"కజన్?" ఎంతమంది అని.

"ముగ్గురు. డెబ్బై కిలోలు."

ఆయన పెన్ను కింద పెట్టేశారు. ఇది ఐదు రోజుల క్రితం చెప్పాల్సింది కదా అన్నారు. అయితే కోప్పడి ఊరుకోలేదు. కాగితం మీద నా చేత గోపురం గీయించుకుని, ఎవరి కాలు ఎక్కడ పడుతుందో అడిగారు. కొక్కెం ఊసే వద్దన్నారు. ఆరు నెలల దాకా భుజం మీద ఎవరూ కాలు పెట్టకూడదు. తప్పెట కూడా వద్దు, దాని తాడు సరిగ్గా కుట్టు మీద ఒరుస్తుంది. ఏప్రిల్‌లో మళ్ళీ ఫిల్ము తీసి, ఎముక నిండితే, అప్పుడు మాట్లాడదాం అన్నారు.

ఇదంతా చెబుతుంటే తలుపు దగ్గర అమ్మ. సంతకం పెట్టడానికి డ్యూటీ చీరలోనే వచ్చింది. తనకి బెంగాలీ నాకన్నా బాగా వచ్చు.

"మెట్లన్నావు," అంది. "ఏ మెట్లే? మనుసుల మెట్లా?"

నేను గోపురం గీసిన కాగితం తిరగేసి పెట్టాను.

"పూజ నాలుగు దినాలూ పందిళ్ళ కాడ చెత్త ఎత్తుతూ, పాపం నా గుంట ఆఫీసు మెట్ల మీద పడిపోనాదని అందరికీ చెప్పుకున్నాను. ఆ మెట్లు కడిగేదాన్ని కూడా తిట్టినాను. ఇంక ఆ తప్పెటలు నాకు కనబడ్డాయంటే సూడు!"

తెలుగు రాకపోయినా డాక్టరు నవ్వు ఆపుకోలేక ఫిల్ము వైపు తిరిగారు.

ఇక అసలు చిక్కు. ఉత్సవంవాళ్ళు నవంబరు 20 లోపు పూర్తి ప్రదర్శన వీడియో అడుగుతున్నారు. గోపురం లేకపోతే మా చోటు ఇంకో జట్టుకిస్తారట. ఫోన్ చేసి కనుక్కున్నాను. నడుమ నిలబడడానికి మా పిల్లల్లో ఇద్దరు ప్రయత్నించారు, ఒకదానికి మోకాళ్ళు వణుకుతున్నాయి, ఇంకోదానికి నవ్వు ఆగదు. ముప్పై ఏడు రోజులున్నాయి. ఏం చెయ్యను?

మేకులూ గుండీలూ లెక్కపెట్టుకుంటూ,
పుష్పరాణి

గజపతినగరం
2 నవంబరు 2025

అమ్మా పుష్పా,

భుజం బాగుపడే దారిన పడింది. నాకు అది చాలు. డాక్టరు గారు గోపురం బొమ్మ గీయించుకున్నారని చదివి ఆయన మీద గౌరవం పెరిగింది.

గోపురం గురించి రెండు మాటలు. కాలు భుజం చివర పెట్టనివ్వకండి, మెడ పక్కన కండ మీద పెట్టాలి. ముందొకరు, వెనకొకరు చేతులు చాచి కాపలా ఉండాలి. గచ్చు మీద పరుపులు వెయ్యండి. ఈ మూడూ నేను మొదటే రాయాల్సింది. మాది మెత్తటి ఇసుక నేల, అందుకని గుర్తు రాలేదు.

కానీ మనసు బాగోలేదు. అప్పమ్మ పది రోజులుగా రోజూ మీ ప్రాక్టీసుకి వచ్చి ఒక మూల కూర్చుంటోందట. ఎవరితోనూ మాట్లాడదట. మల్లేశు రాశాడు. ఆపడానికే వస్తోంది. దానికి ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న తప్పెట ముట్టుకుందని నేనే చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయాను. ఆడపిల్లకి ఇదేంటి అన్నాను. ఆ కోపం ఇప్పుడు మీ మీద తీర్చుకుంటోందేమో. దాంతో గొడవ పడకు. నాకు అరవై నాలుగు, అయినా కాళ్ళు గట్టివే. పద్నాలుగో తారీకుకి టికెట్టు తీసుకున్నాను. వచ్చి నడుమ నేను నిలబడతాను. జట్టులో ఒక ముసలాడు ఉంటే ఏం, ముసుగు కప్పండి.

పెట్టె సర్దుకుంటూ,
మావయ్య

వాట్‌గంజ్
9 నవంబరు 2025

మావయ్యా,

టికెట్టు రద్దు చెయ్యి! నడుమ మనిషి దొరికింది. నీ చెల్లెలు!

మల్లేశు రాసింది అబద్ధం కాదు. అమ్మ రోజూ వచ్చింది, మూల కూర్చుంది, మాట్లాడలేదు. మేమూ ఇవాళో రేపో తప్పెటలు లాక్కుంటుందనే అనుకున్నాం. గురువారం సాయంత్రం మోకాళ్ళు వణికే పిల్ల నిలబడి ఉంది. అమ్మ లేచింది. చెప్పులు విప్పింది.

"ఏటే ఆ నిలబడ్డం? బస్సు కోసం నిలబడ్డావా? కాళ్ళు యెడంగా పెట్టు. ఇంకా యెడంగా!"

ఆ పిల్ల పెట్టలేకపోయింది. అమ్మ దాన్ని పక్కకి జరిపింది. గమ్ఛా తువ్వాలు రెండు ముక్కలుగా చింపింది. బిందె కింద పెట్టే చుట్టలా మెలిపెట్టి, ఒకటి మెడకి ఇటు, ఒకటి అటు పెట్టుకుంది. కాలు ఎక్కడ పెట్టాలో నువ్వు రాసిన ఉత్తరం అప్పటికి నాకు అందనే లేదు మావయ్యా. తను ఇరవై రెండేళ్ళుగా తడి చెత్త తట్టలు అలాగే ఎత్తుతోంది.

"రండే. ఎవర్తి ముందు?"

ఎవరూ కదల్లేదు. ధాత్రి నా వైపు చూసింది. నేను నీకు నడుం నొప్పి కదా అమ్మా అన్నాను.

"నీ అబద్దాలు మోసిన నడుమే ఇది. ఎక్కండి!"

ఎక్కారు. నేను పడ్డ దగ్గర్నుంచీ వేసుకుంటున్న పరుపుల మీదే, ముందు వెనక మనుషులతోనే. మొదటి రోజు రెండంతస్తులు. నిన్న మూడు. కదల్లేదు! అరవై లెక్కపెట్టేదాకా ఉంది. దిగాక చెమట తుడుచుకుంటూ, ఈ గుంటలు మా డబ్బాల కన్నా తేలిక అంది. మోకాళ్ళకీ నడుముకీ డాక్టరు దగ్గర చూపించాం. చుట్టలు తియ్యకుండా, రోజుకి మూడుసార్లకి మించకుండా అయితే సరే అన్నారు.

నీ ఉత్తరంలో చెయ్యి పట్టుకుని లాక్కుపోయిన సంగతి చదివి వినిపించాను. చుట్టలు రెండూ విప్పి, దులిపి మడతపెట్టింది. తర్వాత, "కుడి చెయ్యి" అంది. అంతే. కోపంగా ఉందో లేదో నాకు తెలియలేదు. నువ్వే వచ్చి అడుగు, కానీ డిసెంబరులో రా, చూడడానికి.

నేను పాట చెబుతాను. కాళ్ళకి గజ్జెలు మాత్రం. తప్పెట లేకుండా ఒళ్ళు తేలికగా ఉంది, భయంగానూ ఉంది.

పరుగులో,
పుష్పరాణి

గజపతినగరం
16 డిసెంబరు 2025

అమ్మా పుష్పా,

రాలేకపోతున్నాను. మీ అత్తకి జ్వరం, వదిలి రావడం కుదరదు. వీడియో పంపితే మల్లేశు వాళ్ళ అన్నయ్య చూపిస్తానన్నాడు, కానీ నాకు చప్పుడు వినబడదు. నువ్వు రాయి. ఏదీ వదలకుండా రాయి.

అప్పమ్మకి ఈ మాట చదివి వినిపించు: కుడి చెయ్యే. నాకూ గుర్తుంది. తప్పు చేశాను. ఈ మాట చెప్పడానికి ముప్పై తొమ్మిదేళ్ళు పట్టింది.

మీ ఇద్దరి కోసం కాచుకుని,
గవరయ్య

వాట్‌గంజ్
22 డిసెంబరు 2025

మావయ్యా,

పొద్దున ఫిల్ముతో మొదలుపెడతాను, నువ్వు ముందు అదే అడుగుతావు కాబట్టి. నిలబెట్టి, రెండు భుజాలూ తీశారు. కుడి తొమ్మిది, ఎడమ పది. ఎముక నిండుతోంది. చెయ్యి చెవి దాకా లేస్తోంది.

ఇక నిన్న. మాది పదకొండో జట్టు. మాకు ముందు ముసుగులు పెట్టుకున్న ఛౌ నాట్యంవాళ్ళు వేదికంతా ఎగిరి వెళ్ళారు. అభిజిత్‌దా జనంలో ముందు వరసలో ఉన్నారు. ఎందుకొచ్చారంటే, ఎన్ని కాలర్ ఎముకలు దొరుకుతాయో చూసుకుపోదామని అన్నారు. అమ్మ వేదిక వెనక గజ్జెలు కట్టుకుంటూ, నీ ఉత్తరం నేను చదవడం మొదలుపెడితే, "తరవాత" అంది. మళ్ళీ తనే, "చదువు" అంది. విని, గజ్జెల ముడి ఇంకోసారి విప్పి గట్టిగా కట్టుకుంది. "మా అన్న ఇన్నేసి మాటలు రాస్తాడని అనుకోలేదు" అంది.

తొమ్మిదో నిమిషానికి గోపురం. ఏడాదిన్నరలో ఆ గోపురం కొన్ని వందలసార్లు కట్టాం. ఎముక విరిగేదాకా అన్నిసార్లూ నేను దాని కిందే ఉన్నాను. నాకు తెలిసింది రెండు మడమలు, నా మెడ పక్క చెమట, ముందు నిలబడ్డవాళ్ళ ముఖాలు. పైన ఏముందో వాళ్ళ కళ్ళలో చూసి ఊహించుకునేదాన్ని. ఈ నెలన్నరా బయట నిలబడ్డా, చేతిలో ఫోను పట్టుకుని ఉత్సవానికి వీడియో తీస్తున్నా, ఎవరు జారతారోనని కాళ్ళనే చూశాను.

నిన్న వేదిక అంచున నిలబడి పాట చెబుతూ వెనక్కి తిరిగాను. ముగ్గురు. వాళ్ళ మీద ఇద్దరు. ఆ మీద ధాత్రి, రెండు చేతులూ ఎత్తి, ఎర్రగుడ్డ గాలిలో. చుట్టూ ఉన్నవాళ్ళ తప్పెటలన్నిటికీ ఒకేసారి దెబ్బ. ఇంత ఎత్తుంటుందని నాకు తెలియదు మావయ్యా! ఇంత పెద్దదాన్ని మేం మోశామా అనిపించింది. పాట ఆగిపోయింది. తర్వాతి చరణం తలలో లేదు.

అప్పుడు కింద నుంచి, గోపురం నడుమ నుంచి, మైకు అక్కర్లేని గొంతు:

"సూత్తావేటే అలాగ? పాడు! ఇక్కడ బరువుగా ఉంది!"

పాడాను.

పుష్పరాణి